డాబాగార్డెన్స్‌లో తోట ఎక్కడ?

నాకు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. ఉగాదికి బట్టలు కొనడానికి ఉక్కునగరం నుంచి బస్సులో టౌన్లోకి వచ్చాం. కండక్టరు "డాబాగార్డెన్స్, డాబాగార్డెన్స్" అని అరుస్తుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ వెతికాను. బట్టల కొట్లు, చెప్పుల కొట్లు, తలమీద కరెంటు తీగలు. "గార్డెన్ ఏది నాన్నా?" అని అడిగాను. "డాబాలున్నాయి కదా, చాల్లే. దిగు," అన్నారు నాన్న.

ఆ జవాబుతోనే ముప్ఫై ఏళ్ళు గడిచిపోయాయి. మొన్న ఫాల్గుణంలో, ఈ ఊరి పాత పార్కుల్లో వసంతం అప్పుడెలా ఉండేది, ఇప్పుడెలా ఉంది అని రాద్దామని కూర్చుంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. పాత పార్కులంటే ఏవి? బెంగళూరు వాళ్ళని అడగండి, లాల్‌బాగ్ అంటారు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టించాడని తేదీతో సహా చెప్తారు. హైదరాబాదు వాళ్ళకి బాగ్-ఏ-ఆమ్ ఉంది. విశాఖపట్నంలో మాత్రం రాజు వేయించి, తర్వాత జనానికి గేట్లు తెరిచిన తోట ఒక్కటీ నాకు కనబడలేదు. రాజులు లేరా అంటే, చుట్టూ జమీందారులే. జయపురం రాజుల హవామహల్ ఇప్పటికీ బీచ్‌రోడ్డులో ఉంది, సినిమా షూటింగులూ జరుగుతుంటాయి. మేడలు మిగిలాయి. తోటలు మిగల్లేదు.

అందుకని ముందు చిన్నప్పటి ప్రశ్న దగ్గరికే వెళ్ళాను.

డాబాగార్డెన్స్ ఉత్త పేరు కాదు. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ గోడే వెంకట జగ్గారావు ఉండేవాడు. జమీందారీ కుటుంబం. మద్రాసు అబ్జర్వేటరీలో టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840లో సొంత డబ్బుతో ఇక్కడ వేధశాల కట్టుకున్నాడు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లటి చుక్కలా దాటిపోతుంటే, ఈయన డాబాగార్డెన్స్‌లో టెలిస్కోపు ముందు కూర్చుని వేళలు రాసుకున్నాడు. ఆయన పరిశీలనలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. ఇప్పుడు మనం పార్కింగ్ దొరక్క తిట్టుకునే ఆ వీధుల్లోంచి ఒకప్పుడు ఒక మనిషి ఆకాశాన్ని కొలిచాడు. ఆయన భార్య అచ్చయ్యమ్మ ఇచ్చిన విరాళం వల్లే ఊళ్ళోని పాత కాలేజీకి 'మిసెస్ ఏవీఎన్ కాలేజీ' అని పేరు. శ్రీశ్రీ చదివిన కాలేజీ అదే.

అంటే అక్కడ తోట ఉండేది, కానీ అది వాళ్ళ తోట. ఇక్కడ తెలుగు మాటల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. 'తోట' అనగానే ఒక సొంతదారు, ఒక పంట వెంటనే గుర్తొస్తాయి. మామిడితోట, జీడితోట, కొబ్బరితోట. ఎవరిదా తోట అని అడుగుతాం. 'పార్కు' ఎవరిదని ఎవరూ అడగరు. ఆ మాటకి మనం 'ఉద్యానవనం' అని ఒక సంస్కృత పదం పెట్టుకున్నాం గానీ అది బోర్డుల మీద తప్ప ఎవరి నోటా వినను. "సాయంత్రం ఉద్యానవనానికి వెళ్దామా" అని మీ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అన్నారా? ఎవరిదీ కాని, అందరిదీ అయిన పచ్చని చోటు అనే ఆలోచన మనకి మాటతో పాటే వచ్చింది. దాన్ని కనిపెట్టిన వాళ్ళకి కూడా అది మరీ పాతది కాదు. ప్రజల డబ్బుతో ప్రజల కోసమే కట్టిన మొదటి పార్కుల్లో ఒకటిగా చెప్పే బర్కెన్‌హెడ్ పార్కు, ఇంగ్లండులో 1847లో తెరుచుకుంది. అప్పటికి జగ్గారావు వేధశాలకి ఏడేళ్ళు.

మరి పార్కులు లేని ఊళ్ళో వసంతం ఎక్కడ ఉండేది? పేటల పేర్లలో వెతకండి. తాటిచెట్లపాలెం. మర్రిపాలెం. మద్దిలపాలెం. వేపగుంట. చినముషిడివాడ. ఇప్పుడివన్నీ బస్టాపులు, ఫ్లైఓవర్లు, అపార్టుమెంట్లు. కానీ ఆ పేర్లు పెట్టిన వాళ్ళకి చెట్టే చిరునామా. చెట్టు కింద బండి ఆగేది, సంత జరిగేది, తగువు తీరేది. అక్కడ కూర్చోడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయేది అని రాయబోయి ఆగాను. అది నిజం కాదు. ఊరి చెట్టు కింద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు దూరంగా నిలబడాలో కులం చెప్పేది. పార్కు అనే అరువు మాటకి నేను ఇచ్చే మొదటి మార్కు ఇక్కడే. దాని గేటు దగ్గర ఎవరూ ఇంటిపేరు అడగరు.

*

ఈ ఊరి పాత పార్కుల్లో మొదటి పేరు ముడసర్లోవ. రెండు కొండల మధ్య ఒదిగిన పల్లాన్ని మా వైపు లోవ అంటారు. ఆరిలోవ, ముడసర్లోవ అలా వచ్చిన పేర్లే. బ్రిటిష్ వాళ్ళ కాలంలో, ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో, ఊరికి తాగునీటి కోసం అక్కడ రిజర్వాయరు కట్టారు. గట్టు కింద తేమ ఉంది, నీడ ఉంది, చెట్లు పెరిగాయి, జనం వచ్చారు. పార్కు అలా అయింది. పూల కోసం కాకుండా నీళ్ళ కోసం చేసిన ఏర్పాటు పక్కన పూలు వచ్చాయన్నమాట. 2018లో ఆ నీటి మీదే 2 మెగావాట్ల తేలియాడే సోలార్ పలకలు పరిచారు. ఇప్పుడు గట్టు మీద నిలబడితే కొండ నీడ కన్నా పలకల మెరుపే ముందు కంట్లో పడుతుంది.

ముడసర్లోవ గురించి మా మామ్మని అడిగితే ఆవిడకి గుర్తున్నది వసంతం కాదు, కార్తీకం. ఉసిరి చెట్టు కింద వంటలు, పులిహోర, పిల్లల పరుగులు. వనభోజనాలు. అప్పుడు నాకు తట్టింది, మన పంచాంగం మనుషుల్ని తోటలోకి పంపించేది కార్తీకంలో. వాన వెలిసి, నేల పచ్చగా ఉండి, ఎండ మెత్తబడిన నెల. లెక్క సరిగ్గానే ఉంది. చైత్రంలో విశాఖలో మధ్యాహ్నం పార్కుకి ఎవరు వెళ్తారు? ఉప్పుగాలికి చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. ఇంగ్లీషు వసంతంలో చలి నుంచి బయటికి వస్తారు, మన వసంతంలో ఎండ నుంచి లోపలికి పోతాం. అందుకే మన వసంతం పెరట్లో ఉండేది. వేపపువ్వు రాలిన అరుగు, పూతతో బరువెక్కిన మామిడి కొమ్మ, బావి గట్టు పక్కన మల్లెపందిరి. దానికి పార్కు అవసరం లేకపోయింది, పెరడు ఉన్నంత కాలం.

పెరళ్ళు ఎప్పుడు పోయాయి అన్నదే ఈ ఊరి చరిత్ర. అది రేవుతో మొదలైంది. 1933 డిసెంబరులో విశాఖ హార్బరుని వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభించాడు. ఉప్పుటేరు, చిత్తడి నేల తవ్వి పోసి, లోపలి దాకా ఓడలు వచ్చేలా చేశారు. ఊరు మారడం మొదలైంది. తొమ్మిదేళ్ళు తిరక్కుండానే ఆ రేవు వల్లే ఊరు ఖాళీ అయింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు హార్బరు మీద బాంబులు వేశాయి. మామ్మకి అప్పుడు ఎనిమిదేళ్ళు. "ఆ ఏడు ఉగాది పచ్చడి తిని మూడు వారాలైనా కాలేదు," అనేది. అల్లిపురంలో ఇల్లు వదిలి, సామాను బండికెత్తుకుని చుట్టాల ఊరికి పోయారు. ఊరంతా అలాగే పోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా గుంటూరుకి తరలిపోయింది. ఆ దాడిలో పేలని బాంబు ఒకటి బీచ్‌రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు. మామ్మ దాన్ని ఎప్పుడూ చూడలేదు. చూపిస్తానంటే "దాన్నేటి చూడ్డం" అంది. ఆవిడకి గుర్తున్నది వేరే. తిరిగొచ్చేసరికి పెరట్లో మల్లెపందిరి ఎండిపోయి తీగ చీపురుపుల్లలా అయిపోయిందట. నీళ్ళు పోసేవాళ్ళు లేక. యుద్ధం గురించి నేను విన్న మాటల్లో నాకు బాగా గుర్తున్నది అదొక్కటే.

*

రెండో మార్పు ఉక్కుది. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతా కదిలింది. 32 మంది ప్రాణాలు పోయాయి. ఆ ఉద్యమానికి ముందు నిలబడిన వాళ్ళలో తెన్నేటి విశ్వనాథం ఒకరు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992లో పి.వి. నరసింహారావు ప్లాంటుని జాతికి అంకితం చేశారు. 64 గ్రామాల నేల ఆ ప్లాంటు కిందికీ టౌన్‌షిప్ కిందికీ వెళ్ళింది. నేను పెరిగింది ఆ టౌన్‌షిప్‌లోనే, ఉక్కునగరంలో. నాకు పార్కు అంటే మొదట తెలిసింది మా సెక్టారు పార్కు. రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల, గీత గీసినట్టు వరసగా నాటిన తురాయి చెట్లు. వేసవి సెలవులు మొదలయ్యేసరికి కింద నేలంతా ఎర్రగా ఉండేది. మొగ్గలు విప్పి, కేసరాల తలలు మెలేసి కోడిపందేలు ఆడుకునేవాళ్ళం.

ఆ పార్కులో ఒక్క చెట్టు మాత్రం వరసలో లేదు. మూలకి, కంచెకి దగ్గరగా, ఒక పెద్ద మామిడి. అందులో పనిచేసే తోటమాలి ఏటా ఉగాది ముందు రోజు దాని కాయలు నాలుగు కోసి మా అమ్మకి ఇచ్చేవాడు, పచ్చడికి. ఒకసారి నేను ఆయన్ని అడిగాను, ఈ చెట్టొక్కటీ వంకరగా ఎందుకు నాటారని. నవ్వాడు. "ఇది ఆళ్ళు నాటింది కాదు పాపా. ఇది మా కల్లం కాడి సెట్టు. మా తాత ఏసింది." అంతే. ఇంకేం చెప్పలేదు. మళ్ళీ బొరియతో మొక్కల పాదులు గుల్ల చేసుకుంటూ కూర్చున్నాడు. 64 గ్రామాలు అన్న అంకె నేను పుస్తకంలో చదివింది కాలేజీకి వెళ్ళాక. ఆ అంకె చదివినప్పుడు నాకు కళ్ళ ముందు కనబడింది ఆ వంకర చెట్టు. మా ఇంటి ఉగాది పచ్చడిలో పులుపు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. నాన్న జీతం, మా చదువులు, నా ఈ వ్యాసం అన్నీ ఆ కల్లం మీద నిలబడ్డవే. దానికి ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ పార్కు చరిత్ర రాస్తే మొదటి పేజీలో తురాయిలు ఉండకూడదని మాత్రం తెలుసు.

తురాయి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. అది మడగాస్కర్ చెట్టు. నిద్రగన్నేరు అమెరికా ఖండాలది. కొండల మీద జీడిమామిడి బ్రెజిల్ నుంచి పోర్చుగీసు వాళ్ళు తెచ్చింది. కాగితప్పూలూ దక్షిణ అమెరికావే. ఏ రేవులో దిగినా, అన్నీ ఓడ మీద వచ్చినవే. రేవు ఊరి వసంతం ఓడ దిగి రావడంలో వింతేం లేదు. మన పార్కుల్లో ఏప్రిల్ నెల రంగులు చాలావరకు ఇవే. మన కొండల సొంత వసంతం ఇంకోలా ఉంటుంది. ఆకులన్నీ రాల్చి ఒంటిమీద నిప్పు పెట్టుకున్నట్టు పూసే మోదుగ, బంగారు గుత్తులు వేలాడే రేల, సన్నగా రాలే కానుగ. సింహాచలం కొండ సంపెంగలు వీటన్నిటికీ పెద్ద. వీటిని పార్కుల్లో వెతకాల్సిందే. 1977లో మొదలైన జూపార్కుకి కంబాలకొండ అడవి ఆనుకుని ఉంది కాబట్టి అక్కడ కొంత కనిపిస్తాయి. పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆస్పత్రి ఆవరణలో ఉన్న జీవవైవిధ్య ఉద్యానం చిన్నదే గానీ, చెట్టు చెట్టుకీ పేరు రాసి పెట్టిన చోటు. పిల్లల్ని తీసుకెళ్ళండి.

*

2014 అక్టోబరు 12. ఈ ఊళ్ళో ఆ తేదీ చెప్తే సంవత్సరం చెప్పక్కర్లేదు. హుద్‌హుద్. గంటకు 180 కిలోమీటర్లకు పైగా వేగంతో గాలి నేరుగా ఊరి మీదికి వచ్చింది. పేరు ఒమన్ దేశం ఇచ్చింది. అరబ్బీలో హుద్‌హుద్ అంటే తల మీద విసనకర్రలాంటి కిరీటం ఉన్న పిట్ట, మన కూకుడుగువ్వ. పార్కుల్లో గడ్డిలో ముక్కు గుచ్చి పురుగులు ఏరుకునే బుద్ధిమంతురాలు. ఆ పిట్ట పేరుతో వచ్చిన గాలి పార్కుల్ని పీకేసింది. వుడా పార్కు, కైలాసగిరి, యూనివర్సిటీ, జూ, ఎక్కడ చూసినా వేళ్ళు పైకి తేలిన చెట్లే. పడని చెట్లకి ఆకు లేదు. ఉప్పుగాలికి కొండలు కాల్చినట్టు గోధుమరంగులోకి తిరిగిపోయాయి. బాల్కనీలోంచి అంతకుముందు కనబడని ఇళ్ళు కనబడ్డాయి. మా సెక్టారు పార్కులో తురాయిలు దాదాపు అన్నీ పడ్డాయి. మూల మామిడి కూడా. దాని మొదలు కోసి తీసుకెళ్ళిన లారీని నాన్న గేటు దాకా వెళ్ళి చూసి వచ్చారు. అప్పటికి తోటమాలి పని మానేసి చాలా ఏళ్ళయింది. ఆయనకి ఎవరైనా చెప్పారో లేదో.

తర్వాతి ఉగాది 2015 మార్చి 21. మన్మథ నామ సంవత్సరం. పేరు చూడండి, వసంతుడి స్నేహితుడు. వేపపువ్వు కోసం ఆ పొద్దున నాన్నా నేనూ స్కూటరు మీద తిరిగాం. విరిగిన వేపమోడుల నుంచి చేతి పొడుగు చిగుళ్ళు వచ్చాయి గానీ పువ్వు లేదు. చివరికి ఒక గుడి వెనక, గోడ చాటున నిలబడ్డ చెట్టుకి దొరికింది. అప్పటికే అక్కడ పదిమంది ఉన్నారు. ఎవరూ తోసుకోలేదు. ఒకాయన కొమ్మ వంచి పట్టుకున్నాడు, మిగతావాళ్ళం కోసుకున్నాం. గుప్పెడు దాటి ఎవరూ తీసుకోలేదు. పార్కు అంటే ఏమిటో నాకు ఎవరైనా నిర్వచనం అడిగితే ఆ పది నిమిషాలు చెప్తాను.

అందుకే ఇప్పుడు విశాఖ పార్కుల్లో మనం చూసే వసంతం వయసు పదేళ్ళ పైచిలుకు మాత్రమే. తొందరగా పెరుగుతాయని చాలాచోట్ల కోనోకార్పస్ నాటారు. ఏడాది పొడుగునా ఒకే పచ్చ, ఆకు రాల్చే రుతువు లేదు, చిగురేసే రుతువూ లేదు. చైత్రం వచ్చినా దానికి తెలియదు. మరోవైపు నాటిన వేపలు, కానుగలు ఇప్పుడిప్పుడే నీడనిచ్చే వయసుకి వస్తున్నాయి. ఊరు నడిబొడ్డున పాత సెంట్రల్ జైలు ఉండే చోట ఇప్పుడు సెంట్రల్ పార్కు ఉంది. జైలుని అడవివరం తరలించాక ఆ నేలని ఏం చెయ్యాలని చాలా ఏళ్ళు నలిగింది. ఎమర్జెన్సీలో రాజకీయ ఖైదీలు రోజులు లెక్కపెట్టుకున్న నేల మీద ఇప్పుడు పిల్లలు రంగుల ఫౌంటెన్ చూస్తున్నారు. పేరు మాత్రం న్యూయార్కుది. ఆ న్యూయార్కు పార్కుని రూపకల్పన చేసిన ఓమ్‌స్టెడ్ 1850లో బర్కెన్‌హెడ్ చూసొచ్చి ముగ్ధుడైన మనిషే. అలా ఆ పాత ఇంగ్లీషు పార్కు మనవరాలు మన జైలు నేల మీద కాలు పెట్టింది.

నీళ్ళ గట్టు పార్కయింది, జైలు పార్కయింది, ఆస్పత్రి ఆవరణ పార్కయింది, కల్లం పార్కయింది. ఈ ఊళ్ళో ఏ పార్కూ పార్కుగా పుట్టలేదు. ప్రతి దాని కిందా ఇంకో ఊరు ఉంది. బీచ్‌రోడ్డులో తెన్నేటి విశ్వనాథం పేరు పెట్టిన తెన్నేటి పార్కుంది. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి కొట్టుకొచ్చి సరిగ్గా దాని కిందే రాళ్ళలో ఇరుక్కుంది. ఉక్కు కోసం పోరాడిన మనిషి పేరున్న పార్కు, దాని కాళ్ళ దగ్గర ఓడ. ఊరంతా సెల్ఫీలకి వెళ్ళింది, నేనూ వెళ్ళాను. ఆ ఏడు పార్కుల్లో మనుషుల సందడి చూసింది అప్పుడే. ఉగాది మార్చి 25న వచ్చింది, దేశమంతా తాళం పడ్డ మొదటి రోజు. గేట్లకి గొలుసులు. లోపల ఆ వసంతం ఎలా పూసిందో చూసిన వాళ్ళు లేరు. కోయిలలు మాత్రం ఎప్పటికన్నా గట్టిగా వినబడ్డాయి.

ఈమధ్య నాన్నని ఊళ్ళో ఒక పార్కుకి తీసుకెళ్ళాను. ఏ పార్కో వద్దులెండి. గేటు దగ్గర టికెట్టు కౌంటరు చూసి ఆగారు. పది రూపాయలకి వెనకాడే మనిషి కాదు. "చెట్టు కింద కూర్చోడానికి టికెట్టేటే?" అన్నారు. నిర్వహణకి డబ్బు కావాలి కదా అని నేను వాదించాను. నిజమే, కావాలి. ఆయన వింటూనే వెనక్కి తిరిగి రోడ్డు దాటారు. అవతల ఫుట్‌పాత్ మీద ఒక కానుగ చెట్టు, కింద ఇద్దరు ఆటోడ్రైవర్లు, ఒక పుచ్చకాయల బండి. చెట్టు నిండా పువ్వు. గాలి వీచినప్పుడల్లా పేలాలు చల్లినట్టు రాలుతోంది. ఆటోడ్రైవరు ఒకతను జరిగి చోటిచ్చాడు. నాన్న కూర్చున్నారు.

"ఈ పేట పేరేటి?" అని అడిగారు అతన్ని. చెప్పాడు. అందులో ఏ చెట్టు పేరూ లేదు.